పొయ్యి వెచ్చదనమునకు వెల యెవరు చెల్లించుచున్నారు?

ధ్యాన భాగములు: యిర్మీయా 22:13–17, 36:20–24, యాకోబు 2:14–17, యోహాను 21:1–14



మార్గశిర, పుష్య మాసములలో మన పాలకుర్తి ప్రాంతపు పల్లెలలో తెల్లవారుజామున లేచి వీధిలోనికి వచ్చువానికి సూర్యునికంటె ముందు పొగ కనబడును. పెంకుల సందులనుండియు, రేకుల క్రిందనుండియు, దొడ్లలోని మూడురాళ్ల పొయ్యిలనుండియు లేచిన పొగ ఆ చలిలో పైకి పోలేక ఇండ్ల చూరుల యెత్తుననే నిలిచియుండును. చలి దేశములలో ఇల్లు వెచ్చపరచుటకే ప్రత్యేకముగా ఒక ఇనుప పొయ్యిని గదిలో నిలిపి, దాని గొట్టమును కప్పుగుండ పైకి పంపి, శీతకాలమంతయు అందులో కట్టెలు వేయుదురు. మనకు అట్టి ఏర్పాటు లేదు. వంటపొయ్యియే మన చలిపొయ్యి. అన్నము వండిన నిప్పే ముసలమ్మ వీపు కాచును. కాగులో నీళ్లు కాచిన నిప్పే బడికి పోవు పిల్లల చేతులు కాచును. ఇక వాకిట వేసిన నెగడు చుట్టు కూర్చుండువారి సంగతి చెప్పనక్కరలేదు. ఊరి వార్తలలో సగము అక్కడనే పుట్టి అక్కడనే కాలిపోవును.

ఈ మాసము మేము ధ్యానమునకు తీసికొనిన ప్రశ్న ఈ నిప్పును గూర్చినదే. ఒకరు కాచుకొను వెచ్చదనమునకు మరియొకరు వెల చెల్లించుచున్నప్పుడు, కాచుకొనువానికి దానివిషయమై దేవునియెదుట ఏమైన లెక్క యున్నదా? ఇది స్త్రీల సమాజములో మాటలాడుకొనదగిన వంటింటి సంగతిగాని సంఘమంతటికి సంబంధించినది కాదని కొందరు అనవచ్చును. అయితే అపొస్తలుడైన యాకోబు విశ్వాసమునకు పరీక్ష పెట్టినప్పుడు ఎక్కడికి పోయెనో చూడుడి. బట్టలేక, ఆ నాటికి కూడులేక యున్న సహోదరునికి చలి తీరుటకును ఆకలి తీరుటకును ఏమియు ఇయ్యక, మంచిమాటలు మాత్రము చెప్పి పంపివేయువాని విశ్వాసము చచ్చినదని అతడు వ్రాసెను. అన్నమునకు ముందే అతడు చలిని పేర్కొనెను. మన ప్రసంగములలో అన్నమును గూర్చి చాలసార్లు వినుచున్నాము. చలిని గూర్చి వినుట తక్కువ.

మన ఊళ్లలో ఒక మాట తరచుగా వినబడును. గ్యాసుకు పైసలు కావలెను గాని కట్టెలకేమి, ఊరకే వచ్చును అని. ఊరకే వచ్చుట యనగా ఏమో ఒకసారి విచారించుదము. పత్తి చివరి ఏరుడు అయిన తరువాత చేనిలో ఎండిన కట్టెను పీకవలెను. అది సులభముగా రాదు. రెండు చేతులతో పట్టి నడుము వంచి లాగవలెను. పీకినదానిని మోపు కట్టవలెను. తలమీద చుట్టబట్ట పెట్టుకొని ఆ మోపును ఇంటికి మోయవలెను. పత్తికట్టె సన్నము గనుక గబగబ మండి ఆరిపోవును. గట్టి నిప్పు కావలెనన్న సర్కారు తుమ్మ కొట్టవలెను, దాని ముండ్లు చేతిలో విరిగినయెడల పుండగును. తాటిమట్టలు ఈడ్చుకొని రావలెను. పేడ కలిపి పిడకలు కొట్టి గోడకు వేయవలెను. వానకు తడువకుండ చూరు క్రింద పేర్చవలెను. ఆ పేర్పులో తేలు దాగును, ఒక్కొక్కసారి పామును దాగును. (మెలితే ద్వీపములో పౌలు కట్టెలు ఏరి నిప్పులో వేసినప్పుడు ఏమి జరిగెనో అపొస్తలుల కార్యములు 28లో చదువుచున్నాము, అది మన స్త్రీలు ఎరిగిన భయమే.) ఇదంతయు అయిన పిమ్మట తెల్లవారకముందు లేచి, మంచుకు చెమ్మగిల్లిన కట్టెను పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టము నోట బెట్టి ఊదవలెను. గ్యాసు వెల కాగితముమీద వ్రాయబడును. కట్టెల వెల ఏ కాగితముమీదను వ్రాయబడదు. అది మెడమీద, నడుముమీద, కండ్లలో వ్రాయబడును. ఆ లెక్క చదువువారు లేరు గనుకనే ఊరకే వచ్చినదని యనుచున్నాము.

పొగ యనునది ఏమో కొంచెము తెలిసికొనుట మంచిది. కట్టె మండవలెనన్న ముందు దానిలోని నీరు ఆవిరియై పోవలెను. క్రొత్తగా కొట్టిన పచ్చికట్టె బరువులో సగమువరకు నీరే యుండును; కాబట్టి నిప్పు వేడిలో పెద్ద పాలు ఆ నీటినే కాచుచుండును. గాలి సరిగా అందని చోట కట్టెలోని పదార్థము పూర్తిగా మండక సన్నని నుసియై, వాయువులై బయటికి వచ్చును. అదియే పొగ. దానిలో అతి సన్నని రేణువులు మన తలవెండ్రుక మందములో ఇరువదియైదవ వంతుకంటెను చిన్నవి. అవి ముక్కులో నిలువక ఊపిరితిత్తుల అడుగువరకు పోవును. మూడురాళ్ల పొయ్యిలో కట్టెనుండి పుట్టిన వేడి నూటికి పది పదిహేను పాళ్లు మాత్రమే కుండకు చేరును. తక్కినది గోడలకు, గాలికి, ముందు కూర్చున్న మనిషి ముఖమునకు పోవును.

ఇండ్లలోని పొగవలన 2020వ సంవత్సరములో లోకమంతట సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లలోపు పిల్లలు. న్యుమోనియా, గుండెజబ్బు, పక్షవాతము, ఆయాసపు జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సరు, ఇవి ఆ మరణములకు కారణములు. కంటిపొరకును పొగకును సంబంధమున్నదని వైద్యులు చెప్పుచున్నారు. మన సంఘములలో అరువదేండ్లు నిండిన తల్లులను ఆరాధనయందు ఒకమారు గమనించుడి. కీర్తన పాడుచు మధ్యలో ఆగి దగ్గువారెందరు? పాటల పుస్తకము కంటికి దగ్గరగా పెట్టుకొనువారెందరు? ముసలితనమని యనుకొనుచున్నాము. ముసలితనము కొంత, నలువది సంవత్సరముల పొయ్యి కొంత.

ఇప్పుడు లేఖనమునకు వత్తము. యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయములో యూదా రాజైన యెహోయాకీము తొమ్మిదవ మాసమున, చలికాలపు నగరులో కూర్చుండియున్నాడు. అతని యెదుట కుంపటి మండుచున్నది. ప్రవక్త వ్రాయించిన గ్రంథపుచుట్ట అతనియెదుట చదువబడుచుండగా, మూడు నాలుగు పుటలు చదివిన వెంటనే దానిని చాకుతో కోసి ఆ నిప్పులో వేయుచు వచ్చెను. దేవుని వాక్యమును కాల్చివేసిన రాజని అతనిని గూర్చి ప్రసంగములు వింటిమి. అయితే ఆ కుంపటిని గూర్చి ఎవరును ప్రసంగించగా వినలేదు. ఆ నిప్పునకు కట్టెలెవరు మోసిరి? అదే ప్రవక్త 22వ అధ్యాయములో ఆ రాజును గూర్చియే పలికిన మాటలలో జవాబున్నది. పొరుగువానిచేత పని చేయించుకొని కూలి ఇయ్యక, అన్యాయముతో విశాలమైన మేడలు కట్టించుకొనెనని అతనిమీద నేరము మోపబడెను. మన భాషలో దానికి ఒక్కటే మాట యున్నది: వెట్టి. యెరూషలేము పడిపోయిన పిమ్మట వ్రాయబడిన విలాపవాక్యములు 5వ అధ్యాయము తీసి చూడుడి. తమ కట్టెలనే తాము కొనుక్కొనవలసి వచ్చెనని ప్రజలు ఏడ్చిరి. కట్టెల మోపుల క్రింద పిల్లవాండ్రు తడబడిరని అందులోనే వ్రాయబడియున్నది.

వెట్టి యను మాట మన ప్రాంతమువారికి పుస్తకములోనిది కాదు. పాలకుర్తి సోమనాథుని పేరునకు, ప్రక్కనున్న బమ్మెర పోతన పేరునకు ప్రసిద్ధి. గడీలకును అంతే ప్రసిద్ధి. నైజాము కాలమున తెలంగాణములో దేశముఖుల గడీలకును, ఊరికి వచ్చిన అధికారులకును కట్టెలు కొట్టి మోసి ఇచ్చుట వెట్టిపనులలో ఒకటి. కూలి లేదు, కాదనుటకు వీలు లేదు. ఆ మోపులు మోసినవారు ఎక్కువగా ఏ వాడలవారో మన సంఘములలోని పెద్దలు తమ తాతలవలన వినియే యున్నారు. ఈ పాలకుర్తిలోనే చిట్యాల ఐలమ్మ తాను కౌలుకు దున్నిన పంటను విసునూరు దేశముఖు పరము కానీయక నిలిచినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండు దెబ్బకు కూలెను. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. గడీల పొయ్యిలు ఆరిపోయినవి. గోడలు కొన్ని మాత్రము నిలిచియున్నవి.

అయితే గడీకి మోపు మోసి వెట్టియని మూలిగిన మనుష్యుడు తన గుడిసెకు వచ్చి పొయ్యిముందు కూర్చున్నప్పుడు, ఆ పొయ్యికి మోపు ఎవరు తెచ్చిరని ఎన్నడైన అడిగెనా? ఇది కఠినమైన ప్రశ్న. మేము దీనిని తేలికగా అడుగుట లేదు. దీనికి వెంటనే ఒక జవాబు వచ్చును, అది త్రోసివేయదగినది కాదు. ఇంటి పని వెట్టి కాదు, ప్రేమ. తల్లి బిడ్డలకు వండుట, భార్య భర్తకు నీళ్లు కాచుట బలవంతముచేత కాదు, ఇష్టముచేతనే. క్రైస్తవ జీవితమంతయు సేవయే కదా, దానికి వెల కట్టుట అవమానము కదా అని. అనేక గృహములలో ఇది నిజము. చేసినవారే ఈ మాట చెప్పుదురు, అబద్ధముగా కాదు.

ఈ జవాబును తూచుటకు దావీదు జీవితములోని ఒక సంగతి మనకు సహాయము చేయును (2 సమూయేలు 23:15–17). బేత్లెహేము గుమ్మము దగ్గరి బావి నీరు త్రాగవలెనని దావీదు ఆశపడెను. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండు చీల్చుకొని పోయి ఆ నీరు చేది తెచ్చిరి. వారిని ఎవరును బలవంతపెట్టలేదు. దావీదు ఆజ్ఞయైనను ఇయ్యలేదు, మనసులోని ఆశ నోట పలికెను, అంతే. ప్రేమచేతనే వారు పోయిరి. అయినను దావీదు ఆ నీరు త్రాగలేదు. ప్రాణమునకు తెగించి పోయిన మనుష్యుల రక్తముతో దానిని సమానముగా ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను. ఇచ్చువాడు ఇష్టముతో ఇచ్చినను పుచ్చుకొనువాని లెక్క తీరిపోదని ఇందులో కనబడుచున్నది. ప్రేమతో తెచ్చినది గనుక నాకేమి అని దావీదు అనలేదు. ప్రేమతో తెచ్చినది గనుకనే అతని చేయి వణికెను.

అట్లని వండిన అన్నము పారబోయుమని మేము చెప్పుట లేదు. అన్నము పారబోసిన ఇల్లాలు మరల వండవలసియుండును! దావీదు చేసినదానిలో మనము పట్టుకొనవలసినది ఇది: పాత్రలోని నీటి వెల ఎంతో అతడు ఎరిగెను. ఆ ముగ్గురిని మరుసటి దినము తిరిగి ఆ బావికి పంపెనని ఎక్కడను వ్రాయబడలేదు. మన యిండ్లలో ప్రతి ఉదయమును ఆ బావికే పంపుచున్నాము.

ప్రేమకును వెట్టికిని భేదము ఎక్కడ నున్నదని మాకు మేము అడుగుకొన్నాము. పనిలో లేదు, మోపు ఒకటే, పొగ ఒకటే. చేయువాని ముఖములోను లేదు. వెట్టివాడును నవ్వుట నేర్చుకొనును. మాకు తోచిన భేదము రెండు విషయములలో నున్నది. ఆమె ఈ రోజు నావల్ల కాదు అని అనగలదా? ఆ మాట ఇంట చెల్లునా? ఇది ఒకటి. ఆమె భారము తగ్గించు మార్గము చేతికి అందినప్పుడు, లాభము పొందుచున్నవాడు దానిని తెచ్చునా, వాయిదా వేయునా? ఇది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరి యింట వారికే తెలియును. రెండవదానికి మాత్రము మన కండ్లయెదుట కొంత చరిత్ర యున్నది.

హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయములో పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించిరి. నిప్పు బయలు పడక లోపలనే మండును; దాని వేడి ఒక కుండ తరువాత ఒక కుండకు ప్రాకును; పొగ చివరనున్న గొట్టముగుండ ఇంటి వెలుపలికి పోవును. ఇనుము అక్కరలేదు, మన మట్టియే చాలును. దానిని గూర్చి ఆయన వ్రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను గ్రంథమును 1953లో మద్రాసులోని క్రైస్తవ సాహిత్య సంఘము అచ్చువేసినది. ధ్యాన గ్రంథములు అచ్చువేయువారు పొయ్యిని గూర్చి గ్రంథము అచ్చువేయుట మాకెంతో సంతోషము కలిగించినది. అట్టివి మరికొన్ని వచ్చియుండవలసినది.

తరువాత 1980లలో ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమము చేపట్టి, 2002లో అది ముగియువరకు దేశమంతట మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచినది. వాటిలో అనేకము కొద్ది కాలములోనే పగిలిపోయినవి, లేక విడిచిపెట్టబడినవి. గొట్టములో మసి పేరుకొన్నప్పుడు తీయువారు లేరు. కుండ పరిమాణమునకు రంధ్రము కుదరలేదు. పెద్ద కట్టె పట్టలేదు. పొయ్యి ఎట్లుండవలెనని వండువారిని అడిగినవారు తక్కువ. పొగగొట్టము శుభ్రము చేయుట పైకప్పు ఎక్కి చేయవలసిన పని. మన యిండ్లలో కప్పు ఎక్కువాడు మగవాడు. ఆ ఒక్క పని అతడు సంవత్సరమునకు నాలుగు మారులు చేసియుండినయెడల ఎన్ని పొయ్యిలు నిలిచియుండెడివో!

పిమ్మట గ్యాసు వచ్చినది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము ద్వారా పేద స్త్రీలకు కనెక్షనులు ఇచ్చినది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల యోజన ప్రారంభమైనది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వము అర్హులైన కుటుంబములకు సిలిండరు 500 రూపాయలకు అందునట్లు సబ్సిడీ ఆరంభించినది. ఇవి మేలైన పనులు, ఏ పార్టీ చేసినను మేలే. అయితే సిలిండరు ఇంటికి వచ్చుటయు, పొయ్యిలో పొగ ఆగుటయు ఒకటి కాదు. సబ్సిడీ తరువాత ఖాతాలో పడును గాని, ముందు నిండు వెల చేతిలో నుండవలెను. కూలి డబ్బులు వారము వారము వచ్చు ఇంటిలో అది సులభము కాదు. కాబట్టి అనేక గృహములలో సిలిండరు ఒక మూలను గుడ్డ కప్పుకొని కూర్చుండును. చుట్టములకు చాయ కొరకు, వాన కురిసిన దినము కొరకు, జ్వరము వచ్చిన దినము కొరకు అది దాచబడును. నిత్యము వండుట మాత్రము కట్టెమీదనే. పేదరికమే కారణమైన చోట మేము ఒక్క మాటయు అనము. అయితే సెల్‌ఫోను రీచార్జికి, బండి పెట్రోలుకు, సాయంకాలపు కల్లుకు వెనుకాడని ఇంటిలో సిలిండరు దగ్గర మాత్రమే పొదుపు గుర్తునకు వచ్చుచున్నదేమి? అక్కడ పొదుపు చేయబడుచున్నది డబ్బు. ఖర్చు చేయబడుచున్నది ఒకరి ఊపిరి. డబ్బు ఇంటి యజమానునిది, ఊపిరి ఇంకొకరిది.

ఈ సంగతి మాటలాడుచుండగా మన సంఘపు వృద్ధురాలొకతె పలికిన మాట మమ్ము నిలువబెట్టినది. “గ్యాసుమీద బువ్వ ఉడుకుతది గని, నా పానం ఉడుకుతదా బిడ్డా?” అని ఆమె అడిగెను. ఆమె చెప్పినది సత్యము. కట్టెపొయ్యి ఇంటిలో నున్నంతకాలము ఇంటిలోని ముసలివారికి ఒక స్థానముండెను. తెల్లవారుజామున పొయ్యి ప్రక్కన పీట వేసికొని, అగ్గి ఎగదోయుచు, మనుమలకు గడ్డ కాల్చి ఇచ్చుచు, చలి కాగుచు ఉండిరి. గ్యాసు వచ్చినప్పుడు పొగతోకూడ ఆ వెచ్చని మూలయు పోయినది. బండల గచ్చు, సిమెంటు గోడలు, రేకుల కప్పు. పాత మట్టి ఇంటికంటె ఈ యిల్లు రాత్రివేళ చల్లగా నుండును. కోడలి కండ్లు బాగుపడినవి గాని అత్త కాళ్లు చల్లబడినవి. పొగను తీసివేసినవారము వెచ్చదనమును తిరిగి ఇచ్చితిమా? ఒక మందపు గొంగడి, నులకమంచముమీద ఒక బొంత, కిటికీ సందులకు గుడ్డ, సాయంకాలమే ఒక చెంబు వేడినీళ్లు. ఇవి గొప్ప ఖర్చులు కావు. తాకట్టు పెట్టిన పొరుగువాని వస్త్రమును సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది (నిర్గమ 22:26–27). రాత్రి అతడు దేనిలో పండుకొనునో దేవుడు విచారించెను. ముసలివారి రాత్రి కప్పుడు మన కుటుంబ ప్రార్థనలో ఎన్నడైన వచ్చెనా?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయుట అవసరము. చలికి తాళలేక కొందరు నిప్పుకణికలను కుంపటిలోగాని పాత బకెటులోగాని వేసి గదిలో పెట్టుకొని, తలుపులు మూసి నిద్రపోవుదురు. పొగ లేదు గనుక అపాయము లేదనుకొందురు. అది పెద్ద పొరపాటు. బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు వచ్చును. దానికి వాసన లేదు, రంగు లేదు. మన రక్తము ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొనును. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చును. నిద్రలో నున్నవాడు అదియు ఎరుగడు, లేవడు. కుంపటి వాకిట పెట్టి చలి కాచుకొని, ఆర్పి, లోనికి పోయి పండుకొనుడి. గదిలో పెట్టుట తప్పనిసరియైతే మేలుకొనియుండి, కిటికీయు తలుపును తెరచి పెట్టుడి. బాలింత గదిలో నిప్పు పెట్టు అలవాటున్నవారు దీనిని రెండుమారులు చదువుడి.

మగవారికి నిప్పు పని తెలియదని ఎవరైన అందురేమో! పెండ్లికిగాని, క్రిస్మసు ప్రేమవిందుకుగాని మన ఊళ్లలో గాడిపొయ్యి త్రవ్వునది ఎవరు? మొద్దులు తోయునది ఎవరు? డేగిసా ముందు గంటె పట్టుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని, ఉప్పు చూచి, తనవలె వండువాడు మండలములో లేడని చెప్పుకొనునది ఎవరు? మగవారే. అదే చేయి ఇంటి పొయ్యిలో ఒక కట్టె ఎగదోయుటకు సిగ్గుపడును. వందమంది చూచుచుండగా వండుట ఘనత, ఒక్క భార్య చూచుచుండగా వండుట అవమానమట. ఈ సిగ్గు లేఖనములలో మాకు కనబడలేదు. నెహెమ్యా దినములలో దేవుని మందిరపు బలిపీఠమునకు కట్టెలు తెచ్చు పనికి చీట్లు వేసినప్పుడు, యాజకులును లేవీయులును జనులును కలిసి వేసికొనిరి (నెహెమ్యా 10:34). యాజకుని చీటి వచ్చినయెడల యాజకుడే కట్టెలు తెప్పించవలెను.

తిబెరియ సముద్రతీరమున తెల్లవారినప్పుడు జరిగినది మనమందరము ఎరిగినదే. రాత్రియంతయు వలలు వేసి ఏమియు పట్టక అలసిన శిష్యులు ఒడ్డునకు వచ్చిరి. వచ్చుసరికి అక్కడ నిప్పులున్నవి, వాటిమీద చేప యున్నది, రొట్టె యున్నది. ఆ నిప్పులు ఎవరు రాజేసిరి? మరణమును జయించిన ప్రభువు. శిష్యులు రాకముందే, వారికి తెలియకుండ, తడిసిన బట్టలతో వచ్చువారికి చలియగునని ఎరిగి ఆయన ఆ పని చేసి యుంచెను. యోహాను తన సువార్తలో బొగ్గుల నిప్పునకు వాడిన గ్రీకు మాట రెండే చోట్ల కనబడును. ఒకటి ఇక్కడ. రెండవది ప్రధానయాజకుని ముంగిట, చలిరాత్రి దాసులు వేసిన మంటయొద్ద పేతురు నిలిచి చలి కాచుకొనుచు ప్రభువును ఎరుగననిన చోట. పేతురు ఆ మొదటి నిప్పును వెల లేకుండ కాచుకొనెను. లోపల ప్రభువు విచారింపబడుచుండగా, దెబ్బలు తినుచుండగా, అతడు బయట చేతులు వెచ్చచేసికొనెను. ఇతరుడు బాధపడుచున్న ఇంటి వాకిటనే వెచ్చగా నిలువగలుగుట ఎంత సులభమో పేతురు ఆ రాత్రి తెలిసికొనెను. రెండవ నిప్పుయొద్ద ప్రభువు అతనిని గద్దించలేదు. ముందు భోజనము పెట్టెను. ఆ తరువాతనే ప్రశ్న అడిగెను.

చివరగా మన సంఘములలో భూమి గలవారికి ఒక మనవి. మన మండలమంతట పత్తి విస్తారము. ఏరుడు ముగిసిన పిమ్మట అనేకులు కట్టెను చేనిలోనే కుప్పవేసి అంటించుచున్నారు. ఆ పొగ ఎవరి కుండను కాచదు, ఎవరి వీపును కాచదు. అదే ఊరిలో చేను లేని విధవరాలు గట్టువెంబడి తుమ్మకంప ఏరుకొనుచు, ఎవరైన కేకలు వేయుదురేమోనని చుట్టు చూచుచుండును. పొలము కోయునప్పుడు ఓరలు విడిచిపెట్టవలెనని, పరిగె బీదలకు వదలవలెనని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను (లేవీ 19:9–10). పత్తికట్టె మన పరిగె. సారెపతులో విధవరాలు ఏరినది రెండు పుల్లలే (1 రాజులు 17:12). ఆ రెండు పుల్లలకైనను ఎవరి చేనిగట్టో, ఎవరి చెట్టో ఉండియుండవలెను, ఆమెను ఎవరును తరుమలేదు. కట్టె ఇచ్చుటతో మన పని తీరునా? గ్యాసు కొనలేని ఆ విధవరాలికి అదే కట్టె పొగయు కాదా? అగును. అందుచేత కట్టెతోకూడ ఆమె పొయ్యికి ఒక గొట్టము, వంటసాల గోడకు చూరు క్రింద ఒక రంధ్రము పెట్టించుటకు మన యౌవనుల సమాజము ఒక దినము కేటాయించవచ్చును. తాపీపని వచ్చినవారు ప్రతి సంఘములోను ఉన్నారు. మట్టి ఉన్నది. ఎండిన కట్టె, తగిన గాలి, పైకి దారి, ఈ మూడు కుదిరినయెడల పొగ చాలవరకు తగ్గును.

పత్తి ఏరుడు సంక్రాంతికి అటునిటుగా అనేక చేలలో ముగియును. కట్టె పీకుటకు, అంటించుటకు నడుమ కొద్ది దినములు మాత్రమే ఉండును. ఎవరి యింట కట్టె లేదో, ఎవరి మంచముమీద బొంత లేదో సంఘ పెద్దలు ఆ దినములలోనే ఇంటింట అడిగి వ్రాసికొని, ఆ తరువాతి ఆదివారము ఆరాధన ముగిసినప్పుడు భూమి గలవారితో మాటలాడవచ్చును.